ప్రొస్టేట్ వాపు తగ్గాలంటే సిగరెట్ మానాల్సిందేనా? ఊపిరితిత్తులంటే సరే, కింది భాగానికీ దానికీ ఏంటి సంబంధం?

టంగుటూరు_పొగాకు_రైతు:

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె, వర్జీనియా పొగాకు వేస్తాం, నాకు 43. ఇంట్లో మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి దాటాక బ్యారన్‌లో (ఆకు కాల్చే గదిలో) ఆకు ఎక్కించి క్యూరింగ్ నడుస్తుంటే ఒక రాత్రి చలిజ్వరం పట్టుకుంది. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, ఆ వేడి ముందు కూర్చుని కూడా వణుకుతున్నా. తెల్లారి ఒంటికి పోతే ఒకటే మంట, ధార రాదు, బొట్లు బొట్లుగా పడి ఆగిపోద్ది, లేచి నాలుగడుగులు వేస్తే మళ్ళీ వచ్చినట్టే ఉంటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేడి చేసిందని ఇంజెక్షన్ వేశాడు, తగ్గలా. ఒంగోలు పోతే యూరాలజీ డాక్టరు గారు చూసి ప్రొస్టేట్‌కి ఇన్ఫెక్షన్ వచ్చి వాచిందన్నారు. యూరిన్ కల్చర్‌లో, అంటే మూత్రంలో ఏ సూక్ష్మజీవి ఉందో చూసే టెస్ట్‌లో, ఈ-కోలై అని వచ్చింది. అడ్మిట్ చేసి యాంటీబయాటిక్ ఎక్కించి, తర్వాత నాలుగు వారాలకి బిళ్ళలు రాశారు, దాంతో పాటు మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్. జ్వరం పోయింది, మంట పోయింది, కోర్సు అయిపోయాక చేసిన కల్చర్‌లో ఏమీ లేదు.

కానీ నొప్పి మొత్తం పోలేదండీ. వృషణాలకీ మలద్వారానికీ మధ్య బరువుగా, లోపలికి లాగుతున్నట్టు ఉంటుంది. బండి మీద ఒంగోలు పోయొస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. దగ్గితే అక్కడ గుంజుతుంది, ఒకోసారి బొట్టు పడుతుంది కూడా. రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది.

మొన్న చూపించుకుంటే రోజుకి ఎన్ని తాగుతావన్నారు. ఒక పెట్టె, క్యూరింగ్ రోజుల్లో ఇంకా పైనే అన్నా. అది మానకుండా నొప్పి తగ్గలేదంటే నేనేం చేయను అని మళ్ళీ అదే మందు రాసి పంపించారు. బయట జనం కిటకిట, అడుగుదామంటే టైమ్ ఇవ్వలా. సిగరెట్ వల్లే నాకిది వచ్చిందా? రోజుకి నాలుగుకి తగ్గిస్తే చాలదా? జ్వరంలో ఉన్నప్పుడు పీఎస్ఏ అని ప్రొస్టేట్‌కి చేసే రక్తపరీక్ష చేస్తే 11 వచ్చింది, అదొక టెన్షన్, క్యాన్సర్ ఏమో అని. ఇంకోటి, పొలంలో అదే ఆకు, బ్యారన్‌లో అదే వాసన, వేలానికి పోతే నలుగురూ తాగేవాళ్ళే, ఇందులో ఉండి మానేది ఎట్లా? తెలిసినవాళ్ళు చెప్పండి.


కొండపి_మామ:

అబ్బాయ్, మా నాయన 80 దాటేదాకా చుట్ట నోట్లోంచి తీయలా, ఆయనకి ఏ ప్రొస్టేటూ లేదు, గేదెకి గడ్డి తానే కోసుకొచ్చేవాడు. ఏ రోగంతో పోయినా ముందు సిగరెట్ మానమంటారు, వాళ్ళకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలిగా. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగు, నడక పెట్టుకో, అదే పోద్ది.


విడవలూరు_రొయ్యల_గుంటలు:

మామా, మీ నాయన సంగతి వేరు, అట్టాంటివాళ్ళు ఊరికి ఒకరు ఉంటారు, మిగతా చుట్టలు తాగినోళ్ళు ఏమయ్యారో కూడా లెక్కేయాలి గదా.

అన్నా, నాకు ఇదే బాధ రెండేళ్ళు నడిచింది, కాకపోతే నాకు జ్వరం అదీ రాలా, మెల్లగా మొదలైంది. మావి రొయ్యల గుంటలు. రాత్రిళ్ళు కరెంటు పోతే జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పాల, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది. ఆ కాపలాలో నిద్ర ఆపుకోడానికి టీ, సిగరెట్, మళ్ళీ టీ. నీళ్ళు మాత్రం తాగను, ఎందుకంటే తాగితే గట్టు మీద మాటిమాటికీ లేవాల. కింద నొప్పి, నడుం కింద నొప్పి, భార్యతో కలిసినాక మంట. నెల్లూరులో ఒక చోట యాంటీబయాటిక్ ఇచ్చారు, కొంచెం తగ్గినట్టు అనిపించి మళ్ళీ వచ్చేది, ఇంకో చోటికి పోతే ఇంకో యాంటీబయాటిక్. ఆ బిళ్ళలకి మడమ వెనకాల నరం పట్టేసి నడవలేకపోయినా. చివరికి ఒక పెద్ద డాక్టరు కల్చర్లన్నీ ముందేసుకుని చూసి, నాయనా నీ ప్రొస్టేట్‌లో సూక్ష్మజీవి ఏమీ లేదు, ఇది కటి కండరాలు, అంటే నడుం కింద మూత్రాశయాన్ని మోసే కండరాలు, బిగుసుకుపోవడం వల్ల వచ్చే నొప్పి, దీనికి ఎన్ని యాంటీబయాటిక్స్ మింగినా పోదు అని, ఫిజియోథెరపీకి పంపించాడు.

అక్కడ ఆ అమ్మాయి చెప్పింది విను. నేను పొద్దున లేస్తానే దగ్గుతా గదా, ఆ సిగరెట్ దగ్గు, దగ్గిన ప్రతిసారీ ఆ కింది కండరం టక్కున బిగుస్తుంది, రోజుకి అన్నిసార్లు బిగిస్తా ఉంటే నేను నేర్పే వ్యాయామం ఏం పనిచేస్తుంది అనింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని పొట్ట పైకి లేచేట్టు మెల్లగా గాలి పీల్చి, వదిలేటప్పుడు కింది భాగం వదులు చేయడం, అదే పని. యూట్యూబ్‌లో కెగెల్ అని చూసి బిగించే వ్యాయామాలు మొదలుపెట్టొద్దు, ఇప్పటికే బిగుసుకున్నోడికి అది ఇంకా నొప్పి తెప్పిస్తుంది. నాకు సిగరెట్ మానినాక ముందు తగ్గింది దగ్గు, దాని వెనక రాత్రి లేవడం, నొప్పి అన్నిటికంటే ఆలస్యంగా పోయింది. సిగరెట్ మానడం వల్లే పోయిందని నేను బల్ల గుద్ది చెప్పను, టీ తగ్గించినా, వ్యాయామం చేసినా, గోరువెచ్చని నీళ్ళు టబ్బులో పోసుకుని కూర్చున్నా. అన్నీ కలిసి పనిచేసినాయి.


యూరో_డాక్టర్_ఒంగోలు:

నేను యూరాలజీలోనే పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా మందు చెప్పను, మీకు అక్కడ టైమ్ దొరకని జవాబులు మాత్రం చెప్తాను.

మొదటి ప్రశ్న. మీకు వచ్చిన ఇన్ఫెక్షన్‌కి కారణం ఈ-కోలై, సిగరెట్ కాదు. అది మన పేగుల్లో ఉండే బాక్టీరియా, మూత్రనాళం గుండా పైకి పోయి ప్రొస్టేట్‌లో చేరింది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇలాంటివి తేలిగ్గా వస్తాయి, ఆ టెస్ట్ చేయించుకోకపోతే చేయించుకోండి. కాబట్టి తాగినందుకే వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. కానీ వచ్చిన వాపు నయం కావడానికి పొగ అడ్డం పడుతుంది. ఎలాగంటారా, ప్రొస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. దానికి పోయేవి సన్నని రక్తనాళాలు. నికోటిన్ రక్తనాళాలని ముడుస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది, అంటే పోయే కొద్దిపాటి రక్తంలో కూడా ఆక్సిజన్ తక్కువే. ఆపరేషన్ చేసేముందు మేము సిగరెట్ ఆపమని అంత పట్టుబట్టేది ఇందుకే, తాగేవాళ్ళ గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. వాచిన ప్రొస్టేట్ కూడా మానాల్సిన కణజాలమే కదా.

ఇంకోటి చాలామందికి చెప్పరు. మీకు టామ్సులోసిన్ ఇచ్చింది మూత్రాశయం మెడ దగ్గర, ప్రొస్టేట్‌లో ఉండే కండరాన్ని వదులు చేయడానికి. సిగరెట్ తాగగానే అడ్రినలిన్ పెరుగుతుంది, అది ఆ కండరాన్నే బిగిస్తుంది. ఒక చేత్తో గేటు తీస్తూ ఇంకో చేత్తో వేస్తున్నారన్నమాట. (టామ్సులోసిన్ రోజూ ఒకే వేళకి, అన్నం తిన్నాక అరగంటకి వేసుకోండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు టక్కున లేవకండి, కళ్ళు తిరిగి పడతారు.)

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీలా కల్చర్ శుభ్రంగా ఉండి నొప్పి మిగిలిపోయే రకం, పైన విడవలూరు ఆయనకి వచ్చింది కూడా అదే, ప్రొస్టేట్ వాపు లక్షణాలతో వచ్చేవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ రకమే. దీనికి సిగరెట్టే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. వయసుతో ప్రొస్టేట్ పెరగడం మీద కూడా సిగరెట్ ప్రభావం గురించి పరిశోధనలు తలో మాట చెప్తాయి. కాబట్టి మానిన వారంలోనే నొప్పి మాయమైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ ఆశతో మానితే, వారం తర్వాత నొప్పి అలాగే ఉందని మళ్ళీ వెలిగిస్తారు.

పీఎస్ఏ గురించి. ఇన్ఫెక్షన్‌లో ఉన్నప్పుడు చేసిన పీఎస్ఏకి విలువ లేదు, వాపు ఉంటే అది ఎంతకైనా పోతుంది. మందులు అయిపోయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ చేయించండి, అప్పుడు వచ్చిన అంకెని చూసి మాట్లాడుకోవాలి. క్యాన్సర్ మాట ఎత్తారు కాబట్టి, 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ప్రకారం కూడా సిగరెట్ వల్ల ప్రొస్టేట్ క్యాన్సర్ కొత్తగా వస్తుందనడానికి ఆధారం లేదు. కానీ వచ్చినవాళ్ళలో తాగేవాళ్ళ పరిస్థితి వేరు. 2011లో అమెరికాలో ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన 5,366 మంది మీద వచ్చిన అధ్యయనంలో, అప్పటికీ తాగుతున్నవాళ్ళు ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు ఎప్పుడూ తాగనివాళ్ళ కంటే 61 శాతం ఎక్కువ. మానేసి పదేళ్ళు దాటినవాళ్ళ ముప్పు దాదాపు తాగనివాళ్ళతో సమానం.

నాలుగుకి తగ్గిస్తే చాలదా అన్నారు. తగ్గించినవాళ్ళు ఉన్న నాలుగింటినీ వేళ్ళు కాలేదాకా, లోతుగా పీలుస్తారు, శరీరం తన వాటా తాను రాబట్టుకుంటుంది. మానడానికి మెట్టుగా అయితే తగ్గించండి, అక్కడే ఆగిపోయేట్టయితే పెద్ద లాభం లేదు. సిగరెట్ బదులు బీడీ అని కూడా ఆలోచించకండి, బీడీ ఆరిపోకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా లాగాలి. ఖైనీ, గుట్కాలో పొగ లేకపోయినా నికోటిన్ అదే.

ఒక ప్రశ్న. మూత్రంలో రక్తం ఎప్పుడైనా కనిపించిందా? జ్వరం రోజుల్లో కాదు, ఆ తర్వాత.


స్టాఫ్‌నర్స్_నెల్లూరు:

అన్నయ్యా, మానేది ఎట్లా అన్నారు, దానికి నేను చెప్తాను. మా వార్డులో మగవాళ్ళు వద్దు వద్దంటే బాత్రూంలో తాగి కిటికీలోంచి ఊదుతుంటారు, వాళ్ళతోనే నా రోజంతా.

ముందు మీ పొలం సంగతి. పచ్చాకు తడిగా ఉన్నప్పుడు, మంచు మీద గానీ చెమట చేతులతో గానీ కోస్తే, నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వాంతులు, తల తిరగడం వస్తే చాలామంది ఎండదెబ్బ అనుకుంటారు. చేతులకి నల్లగా అంటుకునే జిగురు చూశారు కదా, గ్లౌజులు వేసుకోండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, తడిసిన బట్టలు మార్చేయండి. సిగరెట్ మానాలనుకునే మనిషి ఒంట్లోకి ఆ దారిన నికోటిన్ పోతుంటే కోరిక ఎట్లా చస్తుంది?

మానిన మొదటి మూడు రోజులు చాలా కష్టంగా ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టదు, ఎవరేమన్నా కోపం. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా సర్దుకుంటుంది. తాగాలనే కోరిక వచ్చినప్పుడు కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది, ఆ కాసేపు ఆ చోటు నుంచి లేచి వెళ్ళిపోవాలి. బ్యారన్ దగ్గర రాత్రి కాపలా మీరొక్కరే ఉండకండి, తాగని మనిషిని ఎవరినైనా తోడు పెట్టుకోండి. వదిన గారికి చెప్పండి. చెప్పకుండా మానేస్తే మీ చిరాకు చూసి ఆవిడ ఇంకేదో అనుకుంటుంది.

మీ జబ్బుకి సంబంధించినవి రెండున్నాయి, వీటిని ఎవరూ పట్టించుకోరు. మానిన కొత్తల్లో చాలామందికి మలబద్ధకం వస్తుంది. ముక్కితే మీకు ఉన్న నొప్పి రెట్టింపు అవుతుంది, వెంటనే సిగరెట్ మానడం పడలేదని తేల్చేస్తారు. మొదటి రోజు నుంచే ఆకుకూర, జామకాయ, నీళ్ళు పెంచండి. రెండోది టీ, కాఫీ. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ తొందరగా కరిగిపోతుంది, మానేస్తే అదే రెండు కప్పులు చాలాసేపు ఒంట్లో ఉండిపోతాయి. గుండె దడ, నిద్ర లేకపోవడం, మాటిమాటికీ మూత్రం. అందుకని మానిన రోజు నుంచి టీ సగం చేయండి. కారం గురించి ఏం చెప్పినా మన వైపు ఎవరూ వినరు కాబట్టి వదిలేస్తున్నా, కానీ పులుసు తిన్న రాత్రి నొప్పి ఎక్కువవుతుందో లేదో మీరే గమనించండి.

నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడగండి. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి మింగితే వెక్కిళ్ళు, కడుపులో మంట, పని జరగదు. నాలుగు సార్లు నమిలి, ఘాటు తెలియగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి, ఘాటు పోయాక మళ్ళీ నమలాలి. అట్లా అరగంట. సిగరెట్ పెట్టె మీదే క్విట్‌లైన్ నంబర్ ఉంటుంది, 1800-11-2356, డబ్బులు పడవు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఈ-సిగరెట్ జోలికి పోవద్దు, 2019 నుంచి మన దేశంలో అమ్మడమే నేరం.


కొండపి_మామ:

సరే తల్లీ, పొగాకు పండించేవాళ్ళకి గ్లౌజుల సంగతి మాత్రం బాగా చెప్పావ్. మా కోడలికి ప్రతి సీజన్లో వాంతులే, ఎవరూ ఇదని చెప్పలా.


టంగుటూరు_పొగాకు_రైతు:

అందరికీ దణ్ణం పెడతా, ఇంత వివరంగా డబ్బులు తీసుకున్నవాళ్ళు కూడా చెప్పలా. నిన్న మా ఆవిడకి చెప్పేశా. తిట్టింది, తర్వాత పెట్టె తీసుకుని దాచేసింది, ఎక్కడుందో నాకు తెలుసు గానీ ఇంకా తీయలేదు.

డాక్టరు గారూ, మీరడిగింది. జ్వరం తగ్గి బిళ్ళలు కూడా అయిపోయినాక ఒకరోజు మూత్రం ఎర్రగా పడింది. నొప్పి ఏమీ లేదు. ఎండలో తిరిగా, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగా, మర్నాడు మామూలుగానే ఉంది. అందుకే ఎవరికీ చెప్పలా. అది కూడా ఈ వాపు వల్లే కదా?


యూరో_డాక్టర్_ఒంగోలు:

కావచ్చు. కానీ అలా అనుకుని వదిలేయడానికి లేదు, మీరు రాసిన మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చి, తనంతట తానే ఆగిపోవడం మూత్రాశయ క్యాన్సర్‌కి మొదటి గుర్తు అయ్యే అవకాశం ఉంది. పొగలో ఉండే విషపదార్థాలు రక్తంలో కలిసి, కిడ్నీ వడపోసి, మూత్రాశయంలో గంటల తరబడి నిలవుంటాయి. ఆ క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం సిగరెట్టే, సగం కేసుల దాకా దాని వల్లే. ప్రొస్టేట్ విషయంలో తలో మాట ఉందన్నానే, ఇక్కడ అలాంటి సందేహం ఏమీ లేదు.

భయపెట్టడానికి కాదు. ఇలా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు, రాయో, ఇన్ఫెక్షనో తేలుతుంది. కానీ 40 దాటి, సిగరెట్ తాగే మనిషికి రంగు మారి మూత్రం వచ్చిందంటే చూసి తేల్చుకోవాల్సిందే, మళ్ళీ రాలేదు కదా అని ఆగకూడదు. మీ డాక్టరు గారి దగ్గరికే ఈ వారంలో వెళ్ళండి. లోపలికి పోగానే మిగతావన్నీ పక్కనపెట్టి మొదటి మాటగా ‘కోర్సు అయ్యాక ఒకరోజు నొప్పి లేకుండా ఎర్రగా పడింది’ అనండి. యూరిన్ టెస్ట్, స్కానింగ్, సిస్టోస్కోపీ రాస్తారు. సిస్టోస్కోపీ అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం, తిమ్మిరి జెల్ పెడతారు, చాలావరకు అదేరోజు ఇంటికి పంపిస్తారు. మొన్నటిదాకా ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి ముందు కల్చర్ మళ్ళీ చేస్తారు, అది వద్దనకండి. పాత రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి.

ఈలోగా మళ్ళీ చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం గడ్డలు పడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా క్యాజువాలిటీకి వెళ్ళిపోండి.


విడవలూరు_రొయ్యల_గుంటలు:

అన్నా, ఒంగోలుకి బండి మీద పోబాక. బస్సులో పో, కిటికీ పక్క సీటు కాకుండా నడిచే దారి పక్క సీటు పట్టుకో, మధ్యమధ్య లేచి నిలబడొచ్చు. నాకు ఆ సిస్టోస్కోపీ చేశారు, తర్వాత ఒక రోజు ఒంటికి పోతే మంటగా ఉంటుంది, నీళ్ళు తాగు, పోద్ది.


టంగుటూరు_పొగాకు_రైతు:

గురువారం పోతున్నా, మా బావమరిది తోడొస్తానన్నాడు. వాడూ తాగుతాడు, దారిలో వెలిగిస్తే ఎట్లా అని ఆలోచిస్తున్నా. గమ్ కూడా తెచ్చుకున్నా. టీ తాగినాక వేసుకోవచ్చా, ముందు వేసుకోవాలా?


స్టాఫ్‌నర్స్_నెల్లూరు:

టీ, కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మకాయ నీళ్ళు ఏవైనా సరే తాగాక పావుగంట ఆగి వేసుకోండి అన్నయ్యా, గమ్ నోట్లో ఉండగా కూడా తాగొద్దు. ఆ పులుపు నోట్లో ఉంటే నికోటిన్ పట్టదు. బావమరిదికి కూడా ఒక స్ట్రిప్పు కొనివ్వండి.